పసిచేతుల పని: తాకడం, పట్టడం, వదలడం

చొక్కా మెడ దగ్గరి బొత్తాం పెట్టుకునేటప్పుడు అది కంటికి కనపడదు, గడ్డం కింద ఉంటుంది. అయినా ఒక చేతి వేళ్లు బొత్తాం అంచును వెతుక్కుంటాయి, రెండో చెయ్యి కాజాను తెరిచి పట్టుకుంటుంది, బొటనవేలు నెడుతుంది, అటుపక్క చూపుడువేలు అందుకుంటుంది. ఎంత నెట్టాలో, ఎప్పుడు వదలాలో చెప్పేది వేలి చర్మమే. అక్కడ చూసేదీ వేలే, చేసేదీ వేలే. పెద్దవాళ్లకు అది క్షణంలో పని. మూడేళ్ల పిల్లకు పెద్ద యుద్ధం. నాలుగేళ్లు దాటితే గానీ చిన్న బొత్తాలు చాలామంది పిల్లలకు లొంగవు.

పిల్లల ఆటల విషయంలో ఇప్పుడు రెండు మాటలు బాగా వాడుకలోకి వచ్చాయి. నీళ్లు, ఇసుక, మట్టి, రంగులు, పిండి ముద్ద వంటివాటితో ఆడితే సెన్సరీ ప్లే అంటున్నారు. పూసలు గుచ్చడం, కాగితం కత్తిరించడం, మూతలు తిప్పడం వంటివి ఫైన్ మోటార్ పనుల లెక్కలోకి వస్తాయి. సోమవారం ఒక రకం, మంగళవారం ఇంకో రకం అంటూ పట్టికలు కూడా తయారవుతున్నాయి. బొత్తాం దగ్గరికి వచ్చేసరికి ఈ విభజన నిలవదు. తాకి తెలుసుకోనిదే వేలు సరిగా కదలదు. కదలనిదే వేలికి ఏదీ సరిగా తెలియదు. ఈ రెండో సగమే తరచూ మరుగున పడుతుంది. ఏ ఆట పనికొస్తుంది, ఏది ఉత్త కాలక్షేపం, పెద్దవాళ్లు ఎక్కడ అడ్డం పడుతున్నారు అన్న ప్రశ్నలకు దారి దొరికేది కూడా అక్కడే.

వేలు అడిగే ప్రశ్నలు

అరచేతిలోనూ వేళ్ల లోపలివైపునా స్పర్శను పట్టే నాడీ తంతువులు ఒక్కో చేతికి సుమారు 17,000 ఉంటాయని నాడీశాస్త్రం లెక్కగట్టింది. అవి నాలుగు రకాలు. ఒక రకం ఒత్తిడినీ అంచులనూ కనిపెడుతుంది, ఒకటి వస్తువు జారిపోతున్న సంగతిని, ఒకటి సన్నటి ప్రకంపనలను, ఇంకొకటి చర్మం సాగడాన్ని. వేలి కొసల్లో ఇవి మరీ దట్టంగా ఉంటాయి. 1937లో మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్, ఎడ్విన్ బోల్డ్రీ అనే వైద్యులు మెదడు ఆపరేషన్ల సమయంలో దాని పై పొరను అక్కడక్కడా స్వల్ప విద్యుత్తుతో తాకి, శరీరంలో ఎక్కడ స్పందన వస్తోందో నమోదు చేసి, మెదడులో ఏ భాగానికి ఎంత చోటుందో చూపే పటం గీశారు. వీపు మొత్తానికి దక్కిన చోటు కంటే చేతికీ పెదవులకూ దక్కిన చోటు ఎన్నో రెట్లు పెద్దది. పసివాడు దొరికిందల్లా పట్టుకుని నోట్లో పెట్టుకోవడం ఎందుకో ఆ పటం చూస్తే అర్థమవుతుంది. లోకాన్ని తెలుసుకోవడానికి వాడి దగ్గరున్న మేలైన పరికరాలు ఆ రెండే.

అయితే చర్మం ఊరికే కూర్చుంటే ఈ యంత్రాంగం సగం కూడా పనిచేయదు. 1987లో సూసన్ లెడర్‌మన్, రొబెర్టా క్లాట్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక మంచి విషయం బయటపెట్టారు. కళ్లకు గంతలు కట్టి వస్తువు చేతికిస్తే, ఏం తెలుసుకోవాలన్నదాన్ని బట్టి చెయ్యి కదిలే తీరు మారిపోతుంది. నునుపా గరుకా అని తెలియాలంటే వేలు అటూ ఇటూ రుద్దుతుంది. మెత్తదనం కావాలంటే నొక్కుతుంది. చల్లదనానికి కదలకుండా ఆనించి ఉంచుతుంది. బరువు కోసం వస్తువును పైకెత్తి తూచినట్టు ఆడిస్తుంది. మొత్తం ఆకారం కోసం పిడికిట్లో ఇముడ్చుకుంటుంది, కచ్చితమైన రూపం కావాలంటే అంచు వెంబడి వేలు నడిపిస్తుంది. ఒక్కో కదలిక ఒక్కో ప్రశ్న.

ఏడెనిమిది నెలల బిడ్డ చెంచాను బల్లకేసి బాదడం, గిరగిరా తిప్పి చూడటం, పిసకడం, నాకడం అల్లరి కాదు, ఈ ప్రశ్నల తొలి రూపమే. కాబట్టి సెన్సరీ ఆటకు తూకంరాయి సులువే: ఇది పిల్లచేత ఎన్ని రకాల కదలికలు చేయిస్తోంది? ఆరు రకాల గుడ్డ ముక్కలు అతికించిన అట్టను పిల్ల ముందు పెట్టి ‘ఇది నునుపు, ఇది గరుకు’ అని వేలు పట్టి తాకిస్తే రుద్దడం ఒక్కటే, అదీ వేరొకరి చేత్తో. ఒకే పరిమాణంలో ఉన్న మూడు మూతపెట్టిన డబ్బాలలో వేర్వేరు బరువులు వేసి వదిలేస్తే ఎత్తడం, ఊపడం, చెవి దగ్గర పెట్టుకోవడం, మూత తీయాలని పెనుగులాడటం అన్నీ ఉన్నాయి. మొదటిది చూడటానికి అందంగా ఉంటుంది. రెండోది పనిచేస్తుంది.

‘వేరొకరి చేత్తో’ అన్నమాట ఊరికే అన్నది కాదు. 1963లో రిచర్డ్ హెల్డ్, అలన్ హెయిన్ చేసిన ప్రయోగం ఈ రంగంలో బాగా ప్రసిద్ధం. చీకట్లో పెంచిన పిల్లికూనలను జంటలు జంటలుగా, వెలుతురున్న గదిలో గుండ్రంగా తిరిగే కాడికి కట్టారు. ఒక కూన తన కాళ్లతో నడుస్తుంది. దాని జత చిన్న తొట్టెలో కూర్చుని ఆ నడకకు తగ్గట్టు తిరుగుతుంది. రెండింటి కళ్లకూ కనిపించింది దాదాపు ఒకటే. తర్వాత పరీక్షిస్తే నడిచిన కూన లోతును గుర్తుపట్టి జాగ్రత్తపడింది, మోసుకుపోబడిన కూనకు అది చేతకాలేదు. దాన్ని వెలుతురులో స్వేచ్ఛగా తిరగనిచ్చాక అదీ నేర్చుకుంది. పిల్లికూనల సంగతిని మనిషి బిడ్డలకు యథాతథంగా అంటగట్టడం తగదు గానీ, మనిషి బిడ్డలతోనూ ఒక ముచ్చటైన ప్రయోగం ఉంది. 2002లో ఏమీ నీడమ్ బృందం మూడు నెలల పిల్లలకు వెల్‌క్రో అంటించిన చేతితొడుగులు వేసి, దానికి అతుక్కునే తేలికపాటి బొమ్మలు ముందుంచింది. ఆ వయసుకు బొమ్మను అందుకుని పట్టడం రాదు. తొడుగు వల్ల చెయ్యి తగిలితే చాలు, బొమ్మ వచ్చేస్తుంది. అలా కొన్ని రోజులు ఆడిన పిల్లలు తొడుగు లేకుండా కూడా వస్తువులను ఎక్కువసేపు పరిశీలించారు, తోటి పిల్లల కంటే ఎక్కువగా చెయ్యి చాచారు. తన చెయ్యి వల్లే ఏదో జరిగిందన్న అనుభవమే అక్కడ పెట్టుబడి.

టాబ్లెట్ తెర మీద ‘ఇసుక ఆట’లో లేనిది సరిగ్గా ఇదే. బొమ్మ ఇసుకదైనా నీటిదైనా వేలికి తగిలేది అదే చల్లని గాజు. ఎంత నొక్కినా అది లొంగదు, జారదు, బరువు మారదు. రెండేళ్లలోపు పిల్లలకు కూర్చోబెట్టి తెర చూపించవద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ సిఫారసు ప్రధానంగా కదలిక, నిద్రల కోసం ఇచ్చినది. చేతుల లెక్క దానికి అదనం.

భుజం నుంచి వేలి కొసకు

పుట్టిన బిడ్డ అరచేతిలో వేలు పెడితే గట్టిగా పట్టేసుకుంటుంది. చుట్టాలంతా మురిసిపోతారు గానీ అది ఇష్టంతో చేసే పని కాదు, అసంకల్పిత చర్య. నాలుగు నుంచి ఆరు నెలల్లో అది సద్దుమణుగుతుంది. అప్పుడే చెయ్యి బిడ్డ మాట వినడం మొదలవుతుంది. ఆరేడు నెలలకు వస్తువును అరచేత్తో దువ్వెనలా దగ్గరికి లాక్కుంటుంది. పది పన్నెండు నెలలకు బొటనవేలి కొస, చూపుడువేలి కొస కలిసి చిటికె పట్టు వస్తుంది. నేల మీద పెద్దలకు కనపడని వెంట్రుక కూడా అప్పటి నుంచి ఆ కంటికి, ఆ చేతికి చిక్కుతుంది.

పట్టడానికి అందరూ చప్పట్లు కొడతారు. వదలడాన్ని ఎవరూ పట్టించుకోరు. నిజానికి వదలడమే కష్టం. ఐదారు నెలల బిడ్డ చేతిలో వస్తువు ఉండగా రెండోది చూపిస్తే మొదటిది జారిపోతుంది. అది వదలడం కాదు, మరిచిపోవడం. కావాలని, అనుకున్న చోట, అనుకున్న క్షణంలో వేళ్లు తెరవడం ఏడాది దగ్గర పడుతుండగా మొదలై, తర్వాత రెండు మూడేళ్లు మెరుగవుతూనే ఉంటుంది. ఏడాది బిడ్డ చెంచాను పదిసార్లు కింద పడేస్తే విసుగొస్తుంది, కానీ అది వదలడంలో సాధన. దిమ్మెల మీద దిమ్మెలు పేర్చే ఆటను ఈ కోణంలో చూస్తే కొత్తగా కనిపిస్తుంది. దిమ్మెను పైకెత్తడం ఎవరికైనా వస్తుంది. కింది దిమ్మెను కదపకుండా వేళ్లు విప్పడంలోనే అసలు విద్య ఉంది. పదిహేను నెలలకు రెండు దిమ్మెలు, రెండేళ్లకు ఆరు, మూడేళ్లకు తొమ్మిది పది నిలబెట్టగలగడం ఆ విద్య ఎదుగుదలకు కొలత. వైద్యులు ఎదుగుదల పరీక్షల్లో దిమ్మెలను ఇప్పటికీ వాడటానికి కారణం ఇదే. కత్తెర కూడా అంతే. మూయడం తేలిక, తెరవడం కష్టం. కొత్తగా కత్తెర పట్టిన పిల్ల రెండో చేత్తో దాన్ని విడదీయడం చూస్తే ఈ మాట రుజువవుతుంది.

ఎదుగుదల భుజం నుంచి మోచేతికి, అక్కడి నుంచి మణికట్టుకు, చివరికి వేళ్లకు దిగుతుంది. రెండేళ్ల పిల్ల రంగుకడ్డీ పిడికిట్లో పట్టి గీస్తే కదిలేది భుజం. అందుకే గీతలు కాగితం దాటి బల్ల మీదికి వెళ్తాయి. మూడున్నర, నాలుగేళ్లకు మూడువేళ్ల పట్టు కనిపిస్తుంది కానీ ఇంకా మణికట్టే కదులుతుంది. వేళ్ల కొసలే కదిలే పట్టు ఐదారేళ్ల వ్యవహారం. గీతల్లోనూ వరుస ఉంది: రెండేళ్ల ప్రాంతంలో నిలువు గీత, తర్వాత అడ్డగీత, మూడేళ్లకు సున్నా, నాలుగుకు కూడిక గుర్తు, ఆ తర్వాత చదరం, ఐదేళ్లకు త్రికోణం. ఏటవాలు గీత ఆలస్యంగా వస్తుంది కాబట్టి త్రికోణం చివర.

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతను పట్టుకుని రెండున్నరేళ్లకే పెన్సిల్ పట్టించి దిద్దించే తొందర ఈ వరుసకు ఎదురీత. ఈ తొందరను ఆపడానికి ఇంకో వాదం ప్రచారంలో ఉంది. పసివాడి చేతి ఎక్స్‌రే, పెద్దపిల్లాడి చేతి ఎక్స్‌రే పక్కపక్కన పెట్టి ‘చూడండి, మణికట్టులో ఎముకలే లేవు, ఎలా రాస్తాడు’ అంటారు. మణికట్టులోని ఎనిమిది ఎముకలు పుట్టుకతో మృదులాస్థిగానే ఉండి, ఒక్కొక్కటిగా గట్టిపడతాయన్నది నిజం. చివరిది గట్టిపడటం మొదలయ్యేసరికి తొమ్మిదేళ్లు దాటవచ్చు. కానీ ఎక్స్‌రేలో కనిపించకపోతే అక్కడ ఏమీ లేదని కాదు, మృదులాస్థి ఎక్స్‌రేకు చిక్కదంతే. ఆ లెక్కన తొమ్మిదేళ్ల దాకా ఎవరూ రాయకూడదు. తొందర తప్పు అనడానికి ఎముకల దాకా వెళ్లక్కర్లేదు. కండరాలను నడిపే నాడులు ఇంకా నేర్చుకుంటున్నాయి, భుజం ఇంకా స్థిరపడలేదు, వేళ్లు విడివిడిగా ఇంకా మాట వినడం లేదు. ఇవి చాలు.

ముద్ద, నీళ్లు, కాగితం

ముద్దతో ఆట గురించి కాస్త వివరంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఇన్ని ప్రశ్నలకు ఒకేసారి జవాబిచ్చే వస్తువు మరొకటి లేదు. ముద్ద ఎదురుతిరుగుతుంది. నొక్కితే కొంత లొంగి కొంత నిలుస్తుంది కాబట్టి ఎంత బలం పెట్టాలో ప్రతిసారీ చెయ్యి సరిచూసుకోవాలి. రెండు అరచేతుల మధ్య ఉండ చేయాలంటే రెండు చేతులూ ఎదురెదురుగా గుండ్రంగా తిరగాలి, ఒత్తిడి సమంగా ఉండాలి. పాములా పొడుగ్గా చేయాలంటే వేళ్లు చాపాలి. చిన్న ముక్క గిల్లాలంటే చిటికె పట్టు కావాలి. ముద్ద మరీ మెత్తగా ఉంటే ఈ పనంతా పోతుంది, జిగురు తాకిడి ఒక్కటే మిగులుతుంది. మరీ గట్టిదైతే పిల్ల విసిగిపోతుంది. మధ్యలో ఎక్కడుండాలో ఆ పిల్ల చేతులే చెబుతాయి. అచ్చులు కొనిచ్చి నక్షత్రాలు, పువ్వులు కత్తిరించమంటే ముద్ద ఆట కాస్తా ముద్రలు వేసే ఆటగా కుదించుకుపోతుంది. పెద్దలకు నక్షత్రం బాగుంటుంది. చేతికి మాత్రం వంకరటింకర ఉండే మేలు.

ప్లే-డో అనే ప్రసిద్ధ ముద్ద అసలు ఆటవస్తువే కాదన్నది సరదా సంగతి. గోడకాగితాల మీది మసి తుడిచే పదార్థంగా అమెరికాలోని సిన్సినాటిలో తయారయ్యేది. బొగ్గు పొయ్యిలు పోయి మసి తగ్గాక దానికి గిరాకీ పడిపోయింది. చిన్నపిల్లల బడి నడిపే ఒక ఉపాధ్యాయురాలు దాన్ని పిల్లల చేతికిచ్చి చూడటంతో దాని దారి మారింది. 1956లో అది బొమ్మల అంగడికి చేరింది. పిల్లల చేతులకు ఏది పనికొస్తుందో కనిపెట్టింది ఆ తయారీదారులు కాదు, రోజూ పిల్లలతో ఉండే మనిషి.

నీళ్ల సంగతి వేరు. నీళ్లు ఎదురుతిరగవు, కానీ మోసం చేస్తాయి. కూజా వంచి గిన్నెలోకి పోస్తున్నకొద్దీ కూజా బరువు తగ్గుతుంది, లోపల నీరు ముందుకు జారుతుంది. ఒకే తీరున పట్టుకుంటే ఒలికిపోతుంది. అంటే క్షణక్షణం పట్టు సడలించాలి, వంపు మార్చాలి, నిండకముందే ఆపాలి. కండరాలు, కీళ్లు లోపలి నుంచి పంపే కబురే ఇక్కడ దారి చూపేది. పొడిగింజలతో మొదలుపెట్టి నీళ్లకు రావడం సులువైన దారి, గింజలు నెమ్మదిగా జారతాయి, ఒలికితే ఏరుకోవచ్చు. ఏరడం మళ్లీ చిటికె పట్టుకు పని. ఒలికిన నీటిని గుడ్డతో అద్ది పిండడం ఉంది చూశారూ, రెండు చేతులు రెండు దిక్కులకు మెలితిప్పే ఆ పని ఏ ఆటబొమ్మలోనూ దొరకదు. చిందరవందరను శుభ్రం చేయడం ఆట తర్వాతి శిక్షగా కాక ఆటలో రెండో అంకంగా ఉండాలి.

కాగితం చింపడం మీద పెద్దలకు సహజంగానే అయిష్టం. పనికిరాని కాగితాలు ఇచ్చి చింపమంటే రెండు చేతుల వేళ్లూ చిటికె పట్టులో ఉండి, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి కదులుతాయి. వార్తాపత్రిక ఒక దిక్కున సాఫీగా నిలువునా చిరుగుతుంది, అడ్డంగా చింపితే వంకర్లు పోతుంది. యంత్రం మీద కాగితం తయారయ్యేటప్పుడు పీచు ఎక్కువగా ఒకే దిక్కున పేరుకోవడం వల్ల అలా జరుగుతుంది. నాలుగేళ్ల పిల్లకు ఇది చెప్పక్కర్లేదు, తనే కనిపెట్టి ఆశ్చర్యపోతుంది. కత్తెర ఆ తర్వాత: మొదట పేలికలుగా చిన్న చిన్న కోతలు, నాలుగేళ్ల ప్రాంతంలో గీత వెంట, వంపులు ఇంకా తర్వాత. వంపు కోయాలంటే కత్తెర చెయ్యి కాదు, కాగితం పట్టిన చెయ్యి తిరగాలి. సాయపడే చేతికి ఇక్కడే గౌరవం దక్కుతుంది.

మిగతావి చకచకా చెప్పేయవచ్చు. పూసలు గుచ్చడంలో పూస కంటే దారం ముఖ్యం, కొస బిరుసుగా ఉంటే చాలు. స్టిక్కర్లు అంచు గిల్లి తీయడానికి మంచివి. మరచుట్టు మూతల డబ్బాలు రకరకాల పరిమాణాల్లో ఉంటే బొమ్మలకు దీటు. గోడకు అతికించిన కాగితం మీద గీస్తే మణికట్టు వెనక్కి వంగి రాతకు తగిన భంగిమ వస్తుందని ఆక్యుపేషనల్ థెరపిస్టులు, అంటే రోజువారీ పనులు చేసుకోవడంలో తర్ఫీదునిచ్చేవాళ్లు, అంటారు. రంగుకడ్డీ విరిగిపోతే పారేయవద్దు. రెండు అంగుళాల ముక్కను పిడికిలితో పట్టడానికి చోటుండదు కాబట్టి వేళ్ల కొసలే ముందుకొస్తాయి. పట్టు నేర్పడానికి ఇంతకంటే చవకైన మాస్టారు లేడు.

ఈ ఆలోచనలేవీ ఈనాటివి కావు. జర్మనీలో ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ కిండర్‌గార్టెన్ అన్న మాటను 1840లో ప్రచారంలోకి తెచ్చాడు. పిల్లలకు ఆయన ఇచ్చిన మొదటి ‘కానుక’ ఉన్ని బంతులు, రెండోది చెక్క గోళం, ఘనం, స్తూపం. మరియా మాంటిస్సోరి 1907లో రోములో తెరిచిన బడిలో బుడిపెలున్న స్తూపాలు ఉండేవి. మూడువేళ్లతో బుడిపె పట్టి, సరిపోయే గుంతలో దించాలి. పెన్సిల్ మాట ఎత్తకుండానే పెన్సిల్ పట్టు. తప్పు గుంతలో పెడితే చివర్న ఒకటి మిగిలిపోతుంది, పెద్దవాళ్లు ‘తప్పు’ అనే అవసరమే రాదు. ఆ పరికరాల ధరను చూసి భయపడేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఈ సూత్రాన్ని: తప్పును వస్తువే చెప్పాలి. వేర్వేరు గిన్నెలు, వాటి మూతలు కూడా ఆ పని చేస్తాయి.

రాతకూ చదువుకూ ఇందులో ఎంత

చేతిపనులు చేసిన పిల్లల మెదడు పదునెక్కుతుందని ఆటవస్తువుల డబ్బాల మీద అచ్చవుతోంది. ఆధారాలు ఉన్నాయి, కానీ అంత లేవు. 2010లో డేవిడ్ గ్రిస్మర్, ఆయన సహచరులు పెద్ద సర్వేల సమాచారాన్ని విశ్లేషించి, బడిలో చేరేనాటి చేతి నైపుణ్యానికీ తర్వాతి తరగతుల్లో లెక్కలు, చదువు, సైన్సు ఫలితాలకూ గట్టి సంబంధం ఉందని చూపారు. ఆ నైపుణ్యాన్ని కొలిచింది ప్రధానంగా బొమ్మలు చూసి గీయించడం, దిమ్మెలతో నమూనా కట్టించడం వంటి పనులతో. అందులో వేలి బలం కంటే చూసింది చూసినట్టు చేతికి దించడమే ఎక్కువ. పైగా సంబంధం ఉంటే కారణం ఉన్నట్టు కాదు. పూసలు గుచ్చిస్తే లెక్కలు వస్తాయని దీన్నిబట్టి ఎవరైనా అమ్మజూపితే నమ్మనక్కర్లేదు.

కారణానికి దగ్గరగా వెళ్లిన ప్రయోగం ఒకటుంది. 2012లో కరిన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ ఇంకా చదవడం రాని ఐదేళ్ల పిల్లలచేత కొన్ని అక్షరాలు సొంతంగా రాయించారు, కొన్ని చుక్కల మీద దిద్దించారు, కొన్ని టైపు చేయించారు. తర్వాత ఆ అక్షరాలు చూపిస్తూ మెదడు స్కాన్ తీశారు. పెద్దవాళ్లు చదివేటప్పుడు పనిచేసే ప్రాంతాలు ఆ పిల్లల్లో స్పందించింది సొంతంగా రాసిన అక్షరాలకే. దిద్దినవాటికి, టైపు చేసినవాటికి ఆ స్పందన రాలేదు. పాల్గొన్నది పదిహేను మందే కాబట్టి దీన్ని శాసనంగా చెక్కుకోనక్కర్లేదు. పరిశోధకుల ఊహ మాత్రం ఆసక్తికరం: సొంతంగా రాసిన అక్షరం ప్రతిసారీ ఒకోలా, వంకరగా వస్తుంది. ఆ తేడాలన్నీ ఒకే అక్షరమని గ్రహించడంలోనే నేర్పు పుడుతుందట. తొట్టెలో తిరిగిన పిల్లికూన ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది. చుక్కల మీద దిద్దడంలో దారి ముందే ఎవరో వేసి పెట్టారు.

తాకనని మొండికేస్తే

కొందరు పిల్లలు జిగురు తగిలితే ఏడుస్తారు, ఇసుకలో అడుగుపెట్టరు. కొందరు దానికి పూర్తిగా తలకిందులు, ముఖానికి కూడా రంగు పూసుకుంటే గానీ తృప్తి ఉండదు. ఇద్దరూ మామూలు పిల్లలే కావచ్చు. మొదటి రకం పిల్లల చేతిని పట్టి బలవంతంగా ముంచితే భయం ముదురుతుంది. చెంచా, బ్రష్, జిప్ సంచిలో మూసిన రంగు వంటి మధ్యవర్తులు ఇచ్చి, పక్కనే చేతులు కడుక్కునే నీళ్లు ఉంచితే చాలామంది తమంతట తాము దగ్గరవుతారు. ఎప్పుడైనా విరమించుకోవచ్చన్న ధైర్యమే ఇక్కడ మందు.

ఇంద్రియాల నుంచి వచ్చే సమాచారాన్ని మెదడు ఇముడ్చుకోలేకపోవడం వల్ల నేర్చుకోవడంలో ఇబ్బందులు వస్తాయన్న సిద్ధాంతాన్ని 1970ల నాటికి స్థిరపరిచినది అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపిస్ట్ ఎ. జీన్ ఐర్స్. ఆ ఆలోచన నుంచే నేటి సెన్సరీ చికిత్సలు పుట్టాయి. అయితే దీన్ని విడి జబ్బుగా నిర్ధారించడం మంచిది కాదనీ, చికిత్స ఫలితాలపై పరిశోధన పరిమితమేననీ అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లో తేల్చి చెప్పింది. చికిత్సలో భాగంగా వాడవచ్చు, కానీ గురి ఏమిటో ముందే అనుకుని, ఫలితం వస్తోందో లేదో చూసుకోవాలని దాని సలహా. తిండి, నిద్ర, బట్టలు వేసుకోవడం వంటి రోజువారీ బతుకుకు అడ్డొచ్చేంత ఇబ్బంది ఉంటే ఇంటి చిట్కాలతో కాలం గడపకుండా వైద్యులకు చూపించాలి.

ఇంకొన్ని గుర్తులు కూడా అలాంటివే. ఏడాది నిండకముందే బిడ్డ ఒకే చెయ్యి వాడుతుంటే కొందరు ‘కుడిచేతి వాటం ఇప్పుడే వచ్చేసింది’ అని సంతోషిస్తారు. ఆ వయసులో రెండు చేతులూ వాడాలి. ఒకదాన్ని పక్కన పెట్టేస్తే ఆ చేతిలో బలహీనత ఉందేమో వైద్యులకు చూపించాలి. ఏ చెయ్యి వాటమో స్థిరంగా తేలేది నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య. వచ్చిన విద్య పోవడం ఏ వయసులోనైనా ఆలస్యం చేయకుండా చూపించాల్సిన విషయం. ఇక బడికి వెళ్లే వయసు పిల్లల్లో 5 నుంచి 6 శాతం మందికి చేతులు, శరీరం కుదురుగా కదిలించడంలో ఎదుగుదలకు సంబంధించిన లోపం ఉంటుందని అంచనా. వాళ్లను సోమరి అనో, చేతగానివాళ్లనో అనడం వల్ల ఒరిగేది లేదు. తగిన థెరపీ వల్ల ఉంది.

నోట్లోకి వెళ్లేవి

మూడేళ్లలోపు పిల్లల బొమ్మలకు అమెరికా నిబంధనల్లో ఒక కొలత గొట్టం ఉంది, వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా దిగిపోయే వస్తువు గొంతుకు అడ్డం పడగలదని లెక్క. ఇంట్లో ఏ గింజను, పూసను, మూతను చూసినా ఆ కొలత మనసులో ఉండాలి. గింజలు ముక్కులోకీ చెవిలోకీ కూడా వెళ్తాయి. నీటిలో ఉబ్బే రంగురంగుల జెల్ పూసలు ఇంద్రియాలకు విందు అని అమ్ముతారు. మింగితే కడుపులో ఉబ్బి పేగుకు అడ్డుపడతాయి, వాటిని పసిపిల్లలున్న ఇంట్లోకే తేకపోవడం ఉత్తమం. బటన్ బ్యాటరీ ఆహారనాళంలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. బలమైన చిన్న అయస్కాంతాలు రెండు మింగితే పేగు మడతల మధ్య ఒకదాన్నొకటి లాక్కుని చిల్లులు పెడతాయి. ఉప్పు ఎక్కువగా కలిపిన ముద్ద తిన్న బిడ్డకు ప్రమాదం, పచ్చి పిండిలోనూ రోగకారక క్రిములు ఉండవచ్చు. ఐదు సెంటీమీటర్ల లోతు నీళ్లలో కూడా పసిబిడ్డ మునిగిపోగలదు, అదీ చప్పుడు లేకుండా. కాబట్టి నీళ్ల ఆటలో పెద్దవాళ్లు ఉండాల్సింది చెయ్యి అందేంత దూరంలో.

పెద్దవాళ్ల చెయ్యి

పిల్ల చేతికి అతి పెద్ద అడ్డంకి వస్తువుల కొరత కాదు, పక్కనున్న పెద్ద చెయ్యి. జిప్పు సగంలో ఇరుక్కోగానే అది ముందుకొచ్చేస్తుంది. పొద్దున్నే బయల్దేరే హడావుడిలో అది తప్పదు కూడా, అందులో నేరమేమీ లేదు. అందుకని ఈ పనులు నేర్పే వేళ వేరుగా ఉండాలి, తొందర లేనప్పుడు.

థెరపిస్టులు వాడే పద్ధతి ఒకటి ఇంట్లోనూ బాగా పనికొస్తుంది: చివరి నుంచి వెనక్కి నేర్పడం. బొత్తాం కాజాలో సగం దూర్చేదాకా పెద్దవాళ్లు చేసి, చివర్లో లాగడం ఒక్కటే పిల్లకు వదలాలి. పని పూర్తయ్యే క్షణం పిల్ల చేతిలో ఉంటుంది. అది వచ్చాక ఇంకో అడుగు వెనక్కి, నెట్టడం కూడా పిల్లకే. ఆ తర్వాత కాజాను తెరిచి పట్టుకోవడం. మొదట చొక్కా ఒంటి మీద కాకుండా బల్ల మీద పరచి ఉండాలి, బొత్తాలు పెద్దవిగా, కాజాలు కాస్త వదులుగా. తర్వాత ఒంటి మీద, అదీ పొట్ట దగ్గరివి, తల వంచితే కనిపించేవి. అక్కడి నుంచి ఒక్కో బొత్తామూ పైకి. మెడ దగ్గరిది అన్నిటికంటే ఆఖరున, వేళ్లకు కళ్ల అవసరం తీరిపోయాక.